ఒంటి తూటా ఆర్విద్

ఆర్విద్ లేహ్తో తన తుపాకీలో ఎప్పుడూ ఒక్క తూటానే పెట్టేవాడు.

అది ఆరేడు తూటాలు పట్టే తుపాకీ. కాల్చే గొట్టం కింద సన్నగా ఇంకో గొట్టం ఉంటుంది. తూటాలన్నీ అందులో ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా కూర్చుంటాయి. అడుగున వేళ్లు దూర్చి పట్టుకునే మీట ఉంటుంది. దాన్ని ఒకసారి కిందికి దించి పైకి లాగితే కాలిన డొల్ల బయటికి ఎగిరిపోతుంది, కొత్త తూటా లోపలికొస్తుంది. జింక చెవి తిప్పేలోపు రెండో దెబ్బ కొట్టొచ్చు. అమెరికాలో సుపీరియర్ సరస్సు దక్షిణపు గట్టున ఉన్న మా ఫిన్లాండు వాళ్ల ఇళ్లల్లో, వంటింటి గుమ్మం మీద రెండు మేకులకు అలాంటి తుపాకీ వేలాడని ఇల్లు నేను చూడలేదు. నవంబరు నడిమికి జింకల వేట మొదలవుతుంది. అందరూ తుపాకీ కడుపు నింపుకుని అడవికి బయల్దేరతారు. ఆర్విద్ మాత్రం కోటు జేబులోంచి ఒకటి తీసి, పక్కనున్న కంతలోంచి చేత్తో లోపల పెట్టి, మీట మూసేవాడు. తగిలితే దేవుడిచ్చినట్టు. తగలకపోతే టోపీ సర్దుకుని వెనక్కి వచ్చేసేవాడు.

నేను ఆయన పక్కింటికి కోడలిగా వచ్చేసరికే ఒంటి తూటా ఆర్విద్ అన్న పేరు స్థిరపడిపోయింది. పిసినారితనం అన్నవాళ్లున్నారు. మొక్కు అన్నవాళ్లున్నారు. మా అత్తగారు హిల్మ మాత్రం, పెళ్లాం లేని మగవాడు దేంట్లోనైనా ఒక్కదానితోనే సరిపెట్టుకుంటాడు, ఒక పళ్లెం, ఒక చెంచా, ఒక తూటా అనేది. ఆయన ముందే అనేది. ఆయన నవ్వి, చెంచాలు రెండున్నాయి హిల్మక్కా, ఒకటి జామ్ సీసాలో ఉండిపోయింది అనేవాడు.

ఆయన మంచితనం గురించి చెప్పాలంటే మంచు గురించి చెప్పాలి. మా దగ్గర మంచు కురిస్తే కిటికీలు సగానికి మునుగుతాయి. పొద్దున లేచి చూస్తే ఆయన గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి తవ్వి ఉండేది. ఆ దారి అక్కడితో ఆగకుండా వంపు తిరిగి మా పశువుల కొట్టం దాకా వచ్చేది. ఎందుకు బాబాయ్, మా ఆయన తాయిస్తో తవ్వుకుంటాడు కదా అంటే, పార ఎలాగూ చేతిలోనే ఉంది కదమ్మా అనేవాడు. మా పెద్దదానికి కోరింత దగ్గు పట్టిన చలికాలం మా బావి గిలక గడ్డకట్టుకుపోయింది. ఎవరూ చెప్పకుండానే రోజూ పొద్దున మా వసారాలో గోనె కప్పిన రెండు బకెట్ల నీళ్లుండేవి. తలుపు మాత్రం తట్టేవాడు కాదు, పసిది నిద్రపోతుందేమోనని. దేవుడు కొందరిని మాట కంటే ముందు చెయ్యి కదిలేలా పుట్టిస్తాడు. ఆ చెయ్యే ఆయనకు కష్టం తెచ్చిపెట్టింది.

మా ప్రార్థన మందిరం వాళ్లలో ఒక పలకరింపు ఉంది. ఎదురుపడితే 'దేవుని సమాధానం' అంటాం. విడిపోయేటప్పుడు 'దేవుని సమాధానంలో' అంటాం. సమాధానం అంటే ఇక్కడ శాంతి. నమస్కారంలాంటిది కాదు అది. మనసులో అవతలి మనిషి మీద ముల్లు పెట్టుకుని ఆ మాట అనకూడదు, అబద్ధమైపోతుంది. అందుకని కోపం వస్తే మావాళ్లు అరవరు, తిట్టరు. ఆ ఒక్క మాట మానేస్తారు. వాన పడేలా ఉంది అంటారు, ఆవు ఈనిందా అంటారు, ఆ మాట మాత్రం అనరు. ఎవరు ఎవరికి ఆ మాట అనలేదో ఊరంతా చెవి ఒగ్గి వింటుంది, పైకి మాత్రం ఎవరూ అడగరు.

ఆర్విద్‌కి యాల్మరి అని ఒక అన్న ఉన్నాడు. ఆ అన్న ఆయనకు ఆ మాట చెప్పి ఇరవై ఏళ్లు దాటింది.

ఆ కథ ఆయన నాకు ఒక్కసారిగా చెప్పలేదు. నేను యాలకుల రొట్టె పట్టుకెళ్లినప్పుడు ఇంత, మా కొట్టంలో దూడను పట్టుకున్నప్పుడు ఇంత, అలా చెప్పాడు. గనులు మూతపడటానికి ముందు, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన కాలంలో, అన్నదమ్ములిద్దరూ ఒకేరోజు ఒకే కొట్లో ఒకే కంపెనీ తుపాకులు కొనుక్కున్నారు. కవల పిల్లల్లా ఉండేవట. ఏది ఎవరిదో తెలియడానికి యాల్మరి తన దాని కర్ర మీద కత్తితో చిన్న గాటు పెట్టుకున్నాడు. అడవిలో ఇద్దరూ కలిసి దుంగలతో ఒక గుడిసె కట్టుకున్నారు. వేట ముగిసిన శనివారం అక్కడి సౌనాలో ఆవిరి స్నానం చేసి, బయటి అరలో కూర్చుని తుపాకులు విప్పి కడిగి నూనె పెట్టడం వాళ్ల అలవాటు. ఎవరిది వాళ్లు కడుక్కునేవాళ్లు.

ఒక ఏడు యాల్మరికి జ్వరం తగిలి గుడిసెలో పడుకున్నాడు. ఆర్విద్ ఊరుకోలేక అన్న తుపాకీ కూడా విప్పాడు. ఒక్కటే పింగాణీ బేసినులో కిరసనాయిలు పోసి, రెంటి ముక్కలూ అందులోనే కడిగాడు. తుడిచి, బిగించి, నూనె రాసి, అన్న తల దగ్గర గోడకు ఆనించాడు. లేవగానే చూసి సంతోషిస్తాడని.

మరుసటి ఏటికి గనులు మూతపడ్డాయి. యాల్మరికి అప్పటికి నలుగురు పిల్లలు. ఆ చలికాలమంతా తినవలసిన మాంసం ఆ నవంబరులో దొరికితే దొరికినట్టు. బురదనేల అంచున ఏపుగా ఎదిగిన కొమ్ముల జింక ఎదురుపడింది. మొదటి దెబ్బ కాస్త వెనక తగిలింది. రెండో దెబ్బకు మీట లాగితే సగంలో ఇరుక్కుపోయింది. కిందికి రాదు, పైకి పోదు. లోపల ఒక తూటాను ఎత్తవలసిన చోట రెండు తూటాలు పోటీ పడి దూరాయి. స్క్రూ విప్పితే తప్ప మీట కదలదు. జింక కుంటుకుంటూ చిత్తడిలోకి వెళ్లిపోయింది. చీకటి పడేదాకా వెతికారు, దొరకలేదు. గాయపడిన ప్రాణిని అడవికి వదిలేయడం మావాళ్లకు ఆకలి కంటే పెద్ద బాధ.

గుడిసెకు వచ్చాక యాల్మరి తుపాకీ బల్ల మీద పెట్టి ఒక్కమాటే అన్నాడట.

"నా తుపాకీ మీద చెయ్యి వెయ్యమని నిన్నెవరు అడిగారురా?"

తెల్లారాక ఆర్విద్ తుపాకీ కూడా అలాగే ఇరుక్కుంది. ఆ సంగతి అన్నకు చెప్పలేదు. చెబితే తప్పించుకోవడానికి అంటున్నాడనుకుంటాడేమోనని. యాల్మరి సామాను సర్దుకుని, గుమ్మంలో నిలబడి, మంచు కురిసేలా ఉంది అని వెళ్లిపోయాడు. తరువాత భార్య వాళ్ల ఊరు ఆల్డర్ క్రీక్‌కి కాపురం మార్చాడు. వాళ్ల మందిరం వేరు, వేట కూడా బావమరదులతోనే.

అప్పటినుంచి ఆర్విద్ ఒంటి తూటా వాడయ్యాడు. ఒక్కటే పెడితే ఇరుక్కోదు.

మాలో ఎవరికైనా ఏదైనా పాడైతే ఊళ్లో ప్రతివాడూ వైద్యుడే. ఇసాక్ నియెమి అనే ఆయన, మీట ఎద్దు ముకుతాడులా లాగాలయ్యా, నువ్వేమో ఆవు చన్ను పితికినట్టు లాగుతావు, అదెట్లా లోపలికి తీసుకుంటుంది అన్నాడు. నిజానికి మెతకచేతి వాళ్ల దగ్గర ఆ తుపాకులు మొరాయించే మాట వాస్తవమే, మీట చివరిదాకా పోవాలి. ఆర్విద్ గట్టిగా లాగి చూశాడు. ఇరుక్కుంది. చలికి నూనె జిగురెక్కుతుంది, నూనె మానెయ్ అన్నారు. మానేశాడు. గుండ్రటి ముక్కు తూటాలు మార్చి చప్పిడి ముక్కువి పెట్టమన్నారు. మార్చాడు. లోపలి అంచు ఆకురాయితో కాస్త రాయమన్నాడు ఇంకొకాయన. అది మాత్రం చెయ్యలేదు. ఒకసారి చెయ్యి వేసి చూశాను చాలు అన్నాడు. మా అత్తగారు విని, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఆయనేమో ఒక్కదానితో హాయిగా ఉన్నాడు, మీ అందరికీ ఏమిటి తొందర అని వాళ్లను తరిమేసింది.

హాయిగా లేడని నాకు తెలుసు. ఏటా ఎండాకాలంలో చుట్టుపక్కల మందిరాలన్నీ కలిసి రెండురోజుల కూటాలు పెడతాయి. ఆర్విద్ ఆ పొద్దున చొక్కా తానే ఇస్త్రీ చేసుకునేవాడు. కాలరు ఎప్పుడూ ఒక పక్కన ముడత పడేది, నేను మళ్లీ చేసిచ్చేదాన్ని. ప్రార్థన అయ్యాక కాఫీ బల్లల దగ్గర జనం ఒకరినొకరు పలకరించుకునేటప్పుడు ఆయన మెల్లగా జరుగుతూ జరుగుతూ యాల్మరి దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. 'దేవుని సమాధానం, అన్నా' అనేవాడు. యాల్మరి చేతిలో కప్పు చూసుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు లారీలో ఆర్విద్ మాతో, ఈసారి ఎండ బాగా కాస్తోందన్నాడమ్మా, పోయినేడు ఏమీ అనలేదు కదా అనేవాడు. ఆ ముక్క పట్టుకుని ఏడాది గడిపేవాడు. నేను రాత్రి ప్రార్థనలో నా పిల్లల పేర్ల తరవాత ఆ ఇద్దరి పేర్లూ పక్కపక్కన చెప్పుకునేదాన్ని. అక్కడైనా పక్కపక్కన ఉంటారని.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి చాలాకాలమయ్యాక, ఒక అక్టోబరులో తాయిస్తో బంగాళాదుంపలు అమ్మడానికి గని ఊరికి లారీ తీశాడు. అక్కడ ట్రెంబాత్ అని ఒక ముసలాయన ఉన్నాడు. గనిలో యంత్రాలు బాగుచేసి చేసి, విశ్రాంతి తీసుకోమంటే తీసుకోలేక ఇంటి వెనక గదిలో తుపాకులు బాగుచేసేవాడు. ఊరికే చూపిద్దాం రా బాబాయ్, చూపిస్తే అరిగిపోతుందా అని తాయిస్తో ఆర్విద్‌ని ఎక్కించుకున్నాడు. నేను కూడా వెళ్లాను, నాకు బూట్లు కొనాల్సి ఉంది.

ట్రెంబాత్ మాతో ఎక్కువ మాట్లాడలేదు. ఆయన కోడలు మాకు మాంసం కూరిన రొట్టెలు వేడివేడిగా తెచ్చి, చేతులు చల్లగా ఉన్నట్టున్నాయి, ముందు వీటిని పట్టుకోండి, తరవాత తినొచ్చు అంది. ఆ ముసలాయన తుపాకీ విప్పి లోపలినుంచి బొటనవేలంత ఇనుప పలక ఒకటి తీశాడు. కింది గొట్టంలోంచి వచ్చిన తూటాను ఎత్తి కాల్చే గొట్టానికి అందించే పలక అది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. తిరిగొచ్చి తుపాకీలోకి చూశాడు. మళ్లీ పలక చూశాడు.

ఇది ఈ తుపాకీది కాదు అన్నాడు.

ఆర్విద్ మీరు పొరపడ్డారేమో అన్నట్టు నవ్వి, కొన్నప్పటినుంచి నాదేనండీ అన్నాడు. ముసలాయన ఓపిగ్గా చెప్పాడు. కంపెనీవాళ్లు పేరు మార్చకుండా, పైకి ఏమీ తెలియకుండా, లోపల మార్పులు చేస్తుంటారు. ఈ పలక పాత రకం, దీని వెనక అంచు తిన్నగా ఉంటుంది. మీ తుపాకీ ఆ తరవాతి రకం. దానికి అంచు కొద్దిగా వాలుగా ఉన్న పలక పడాలి. పాతది ఇందులో పడుతుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, కానీ ఎత్తవలసిన క్షణం కంటే వెంట్రుకవాసి ఆలస్యంగా ఎత్తుతుంది. ఆ సందులో వెనక తూటా కిందికి దూరుతుంది. ఇరుక్కోక ఏం చేస్తుంది.

"దీని జత తుపాకీ ఇంకోటి ఉండాలే," అన్నాడు ట్రెంబాత్. "మీ పలక అందులో ఉంటుంది. అదీ ఇలాగే ఇరుక్కుంటూ ఉంటుంది."

ఆర్విద్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. కొట్టువాడి దగ్గర పాత సరుకులోది ఒకటి, కొత్తగా వచ్చినది ఒకటి ఉండి ఉంటాయి. అన్నదమ్ములు చెరొకటి పట్టుకొచ్చారు. తరవాత ఒక్క బేసినులో ఆయన చేత్తోనే అవి రెండూ కలిసిపోయాయి.

కొత్త పలక తెప్పించవచ్చు, వేట మొదలయ్యేలోపు వచ్చేస్తుంది, ఇబ్బంది లేదు అన్నాడు ట్రెంబాత్. తాయిస్తో సరేనని తలూపుతుంటే ఆర్విద్ అడ్డం పడ్డాడు. తెప్పించొద్దండీ, ఇది ఎవరిదో వాళ్లకిచ్చి నాది నేను తెచ్చుకుంటాను అన్నాడు. ముసలాయన ఆయన ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. పలకను నూనెగుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఏమివ్వమంటారంటే, నేనేం బాగుచేశానని, ఏది ఎక్కడుందో చెప్పానంతే అన్నాడు.

తిరుగు దారిలో నాకు సంతోషంగా ఉంది. ఇక వెళ్లి చెబితే చాలు, ఇద్దరూ కలిసిపోతారు, దేవుడు దారి చూపించాడు అనుకున్నాను. ఆర్విద్ ఆ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఊరి మలుపు దగ్గర అప్పుడన్నాడు.

"ఇన్నేళ్లూ అన్న నన్ను ఊరికే అన్నాడనుకున్నానమ్మా. ఏదో ఒకనాడు తెలుసుకుని, తమ్ముడూ పొరపడ్డాను అంటాడని చూస్తూ కూర్చున్నాను. అన్న అన్నది నిజమే. పాడుచేసింది నేనే."

మేలు చెయ్యబోయావు కదా బాబాయ్ అన్నాను. మేలు చెయ్యబోయినా జింక పోయింది, ఆ పిల్లలు ఆ చలికాలం బంగాళాదుంపలు తిన్నారు అన్నాడు.

రెండువారాలు ఆ మూట ఆయన కిటికీ గట్టు మీదే ఉంది. నేను రొట్టె ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. ఆయన కూడా నేను చూడటం చూసేవాడు. ఇన్నాళ్లూ తప్పు అవతలివాడిదనుకుని ఎదురుచూడటం ఒక రకం. తప్పు తనదని తెలిశాక గడప తొక్కడం ఇంకో రకం. మా అత్తగారే చివరికి, పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలి ఆర్విద్, నా వంటింట్లో కూర్చుంటే దొరకదు అంది. ఆ శనివారం తాయిస్తో లారీ తీశాడు.

ఆల్డర్ క్రీక్‌లో యాల్మరి భార్య సైమి గుమ్మంలోనే ఎదురొచ్చి నా చేతులు పట్టుకుంది, మరిదిని చూసి కళ్లు తుడుచుకుంది. ఆవిడా ఆర్విదూ ఆ పలకరింపు చెప్పుకున్నారు. వాళ్ల మధ్య ఎప్పుడూ ఏమీ లేదు. లోపల యాల్మరి కిటికీ దగ్గర వల అల్లుకుంటున్నాడు. వయసు మీద పడింది గాని చూపు గద్ద చూపే. ఆర్విద్ టోపీ తీసి, 'దేవుని సమాధానం, అన్నా' అన్నాడు.

"కూర్చో," అన్నాడు యాల్మరి. "కాఫీ ఉంది."

ఆర్విద్ కూర్చోలేదు. గుడ్డ విప్పి పలకను బల్ల మీద పెట్టాడు. ట్రెంబాత్ చెప్పినదంతా చెప్పాడు, వంకర లేకుండా, ఒక్క బేసిను సంగతి కూడా. తన తుపాకీ మర్నాడే ఇరుక్కున్న సంగతి ఆరోజు చెప్పలేదని కూడా చెప్పాడు. చివరికి అన్నాడు.

"నీ పలక నా దాంట్లో, నాది నీ దాంట్లో పడింది అన్నా. నా చేతి తప్పే. క్షమించమని అడగడానికి వచ్చాను."

యాల్మరి లేచాడు. వంటింటి గుమ్మం మీదినుంచి తుపాకీ దించాడు. కర్ర మీద ఆ గాటు అరిగిపోయి నున్నగా ఉంది. ఎక్కడా తుప్పు లేదు. సైమి కప్పుల్లో కాఫీ పోస్తూ మామూలుగా అన్నట్టే అంది:

"ఈయన కూడా ఒక్కటే పెడతాడు మరిదీ. మా తమ్ముళ్లు నవ్వుతారు. బాగు చేయించవయ్యా అంటే, పాడుచేసినవాడే వచ్చి చెయ్యాలి, పరాయివాడి చెయ్యి పడనివ్వను అంటాడు."

యాల్మరి భార్యను ఒక చూపు చూశాడు. ఆవిడ పట్టించుకోకుండా రెండు బేసిన్లు తెచ్చి, ఒకటి బల్లకు ఈ చివర, ఒకటి ఆ చివర పెట్టింది. ఈసారి ఎవరి చట్టి వాళ్లదే అంది. తాయిస్తోకి నవ్వాగలేదు, కాఫీ కప్పులో ముఖం పెట్టుకున్నాడు.

అన్నదమ్ములు ఇద్దరూ తుపాకులు విప్పారు. ఒకరికి స్క్రూడ్రైవరు కావలసివస్తే రెండోవాడు అడగకముందే జరిపేవాడు. ఆర్విద్ స్క్రూ గబగబా తిప్పాడు. యాల్మరి, నిదానంగా బిగించు, మర చెడుతుంది అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. పలకలు మారాయి. మందు లేని ఉత్తి తూటాలు నింపి మీట ఆడించారు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ చేపపిల్లల్లా ఎగిరి బల్ల మీద పడ్డాయి, దొర్లాయి. సైమి పిల్లి వాటివెంట పడింది. అంతసేపట్లో అదే కాస్త గోల.

బయల్దేరే వేళ అయింది. ఆర్విద్ 'దేవుని సమాధానంలో, అన్నా' అని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడంటే లోపల పొయ్యి చల్లారిపోతుందేమో, తలుపు వెయ్యాలి అని నాకు అనిపించింది. యాల్మరి తుపాకీ మేకులకు తగిలిస్తూ, వెనక్కి తిరగకుండా, రోడ్డు జారుతుంది, చూసుకుని పొండి అన్నాడు.

లారీలో నాకే ఏడుపు వచ్చింది. ఆర్విద్ నా భుజం తట్టి, కాఫీ మంచిగా ఉంది కదమ్మా అన్నాడు.

తరవాతి రోజులు ఆయన మా ఇంటికి వస్తూనే ఉన్నాడు, పార చేతబట్టుకునే ఉన్నాడు. తుపాకీ సంగతి ఎవరైనా అడిగితే చక్కగా ఆడుతోంది అనేవాడు. ఒకసారి మాత్రం నాతో, ఇదివరకు ఆ ఇంటికి వెళ్లడానికి ఒక పని మిగిలి ఉండేది, ఇప్పుడు ఆ పని కూడా అయిపోయింది అన్నాడు. ఇరవై ఏళ్లు దాచుకున్న ఆశ అయిపోయినట్టే మాట్లాడాడు. నేను రొట్టె ముక్క ఆయన వైపు జరిపాను. అంతకన్నా నాకేం చేతనవుతుంది.

వేట మొదటిరోజు. ఆర్విద్, తాయిస్తో ఇద్దరూ పాత గుడిసెకు ముందురోజే చేరారు. పొద్దున ఆర్విద్ తుపాకీ నింపాడట, నిండుగా. నింపుతూ, ఇది బరువెక్కిందిరా, నాకు అలవాటు తప్పింది అన్నాడట. మబ్బుగా ఉంది, గాలి లేదు. కొండవాలున ఇద్దరూ కాస్త దూరంలో కూర్చున్నారు. తెల్లవారి ఇంకా ఎంతోసేపు కాలేదు, బురదనేలకు అవతలివైపునుంచి తుపాకీ చప్పుడైంది. మూడు దెబ్బలు, ఒకే ఎడంతో, వరసగా.

మా అడవుల్లో మూడు దెబ్బలకు ఒక్కటే అర్థం. ఇక్కడొక మనిషి ఉన్నాడు, రండి. దారి తప్పినవాడు కాలుస్తాడు, కాలు విరిగినవాడు కాలుస్తాడు. విన్నవాడు ఎదురుగా జింక ఉన్నా వదిలేసి వెళ్లాలి.

తాయిస్తో లేచేలోపే ఆర్విద్ పరుగు పెట్టాడు. ఆ చప్పుడు ఎవరి తుపాకీదో ఆయనకు తెలిసిపోయిందట. అరవై దాటిన మనిషి మోకాళ్లలోతు చిత్తడిలో పడుతూ లేస్తూ పోయాడు. టోపీ పోయింది. చేతి తొడుగు ఒకటి పోయింది. తాయిస్తో వెనకనుంచి, ఆగు బాబాయ్, గుండె ఆగుతుంది అని అరుస్తూనే ఉన్నాడు.

అవతలి గట్టున యాల్మరి పడిన చెట్టు మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు రెండూ బాగున్నాయి. పక్కన మూడు ఖాళీ డొల్లలు మంచు మీద వరసగా పేర్చి ఉన్నాయి. జింక లేదు, నెత్తురు లేదు, ఏమీ లేదు. తన బావమరదులను వదిలేసి, చీకటితో బయల్దేరి, ఒక్కడే అంతదూరం నడిచి వచ్చాడు.

ఆర్విద్‌కి ఊపిరి అందలేదు. చెట్టు పట్టుకుని, దెబ్బ తగిలిందా అని మాత్రం అడగగలిగాడు.

"లేదు."

"దారి తప్పావా?"

"ఈ బురదలోనా? నేను తప్పడమేంటి?"

"మరెందుకు కాల్చావు?"

యాల్మరి తుపాకీ మీట వేలితో తట్టాడట. "మూడూ వరసగా వస్తాయో లేదో చూద్దామని," అన్నాడు. "వచ్చాయి. ఇంటి దగ్గర కాలిస్తే నీకు వినపడదు."

తాయిస్తో అప్పటికి అక్కడికి చేరుకున్నాడు. దగ్గరికి వెళ్లకుండా ఒక చెట్టు వెనకే ఆగిపోయాడు, ఎందుకో తనకే తెలియదట. యాల్మరి లేచి నిలబడి, తల మీదున్న టోపీ తీసి, తడిసి వణుకుతున్న తమ్ముడి తలకు పెట్టాడు, చెవుల దాకా లాగి. అప్పుడన్నాడు.

"దేవుని సమాధానం, ఆర్విద్."

ఆర్విద్ తిరిగి చెప్పాలి. అది వరస. ఆయన నోరు తెరిచాడు గాని మాట పెగల్లేదట. యాల్మరి కాసేపు చూసి, ఏరా, నీకు తీరిక లేకపోతే మళ్లీ వస్తాను అన్నాడు. అప్పుడు చెప్పాడు ఆర్విద్.

ఆ మూడు దెబ్బలకు చుట్టుపక్కల జింకలన్నీ పక్క జిల్లాకు పారిపోయి ఉంటాయని ఇసాక్ నియెమి వారమంతా తిట్టాడు. ఆరోజు ముగ్గురూ ఖాళీ చేతులతో మా ఇంటికే వచ్చారు. మా అత్తగారు, మూడు తూటాలు తగలేసి ఒక్క కుందేలు కూడా తేలేదు, యాల్మరి ఇంత ఖర్చుమనిషి అని నాకు తెలియదు అంటూనే సౌనా వేడి చేయించింది. నేను బఠాణీల పులుసు, రొట్టె, వేయించిన ఉప్పుమాంసం పెట్టాను. అన్నదమ్ములు ఒకే బెంచీ మీద కూర్చుని తిన్నారు. ఎక్కువ మాట్లాడుకోలేదు. పెద్దాయన రొట్టె చివరి ముక్క తుంచి సగం తమ్ముడి పళ్లెంలో వేశాడు, చూడకుండానే.

పొద్దు గుంకేవేళకు సైమి తమ్ముడు బండి వేసుకుని యాల్మరి కోసం వచ్చాడు. యాల్మరి కోటు వేసుకుని, మా అందరికీ పేరుపేరునా ఆ మాట చెప్పి, చివరికి తమ్ముడి దగ్గర నిలబడి, 'దేవుని సమాధానంలో' అన్నాడు.

ఆర్విద్‌ బాబాయ్‌ది నక్క చెవి. మా దూడ ఈవలి కొట్టంలో దగ్గితే ఆవలి ఇంట్లోంచి లేచి వచ్చే మనిషి. అయినా తల వంచి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏమన్నావన్నా, వినపళ్లేదు అన్నాడు.

యాల్మరి మళ్లీ అన్నాడు. ఈసారి కాస్త గట్టిగా.